పెళ్లిళ్లు దాచిన పెట్టెకు జ్వరమొచ్చింది

“అన్నయ్యా, మా అమ్మ ఫొటో ఒకటి కావాలి.”

పోయినేడాది మే నెల, మిట్ట మధ్యాహ్నం. మా ఫొటో స్టూడియో గుమ్మంలో నిలబడి టైలరింగ్ అక్క మా నాన్నని అడిగిన మాట ఇది. వాళ్లమ్మ పోయి అప్పటికి ఆరు రోజులు. పెద్దకర్మ నాటికి ఫొటో కట్టించాలి. తీరా వెతికితే ఇంట్లో ఆవిడది సరైన ఫొటో ఒక్కటీ లేదు. ఆధార్ కార్డు మీదున్నది పెద్దది చేస్తే కన్నకూతురే గుర్తుపట్టలేనట్టుంది. అప్పుడు గుర్తొచ్చిందట, 2012లో తన పెళ్లికి ఫొటోలు, వీడియో తీసింది మా నాన్నేనని.

“ఎందుకుండదమ్మా, కూర్చో” అని నాన్న కంప్యూటర్ ఆన్ చేశాడు.

మాది పల్నాడు. ఎండల గురించి చెప్పేటప్పుడు టీవీలో రెంటచింతల పేరు వింటుంటారు కదా, మా ఊరు దానికి దగ్గరే. నాన్న ఇక్కడే పెళ్లిళ్లు తీస్తున్నాడు, నాకు ఊహ తెలిసినప్పటి నుంచీ. రీళ్ల కాలం పోయి డిజిటల్ వచ్చాక తీసిన ప్రతి పెళ్లీ, ప్రతి ఓణీల ఫంక్షనూ, ప్రతి అన్నప్రాసనా ఆ సీపీయూలోని 2 టీబీ హార్డ్ డిస్క్‌లోనే ఉన్నాయి. కస్టమర్‌కి డీవీడీ ఇచ్చేశాక చెరిపేయొచ్చు. నాన్న చెరపడు. “ఎప్పుడో ఒకరోజు అడుగుతారు అమ్మడూ” అంటాడు. అలా ఊళ్లో సగం పెళ్లిళ్లు అరచేతి కంటే కాస్త పెద్దదైన ఒక ఇనప్పెట్టెలోకి చేరాయి.

ఆ రోజు ఫోల్డర్ తెరుచుకుంది కానీ ఫొటోలు రాలేదు. పైన ఆకుపచ్చ గీత మెల్లగా పాకి, చివరికి వచ్చి ఆగిపోయింది. మౌస్ కదలడం లేదు. నాన్న వంగి, జ్వరమొచ్చిన పిల్లాడి నుదురు చూసినట్టు సీపీయూ మీద చెయ్యి పెట్టాడు. వెంటనే తీసేశాడు. “కాలిపోతోంది.”

స్విచ్ ఆపేసి, అక్కకి మజ్జిగ ఇచ్చి, నలభై నిమిషాలు ఆగాం. మళ్లీ ఆన్ చేస్తే ఫోల్డర్ తెరుచుకుంది. కాళ్లు కడిగే ఘట్టంలో, ఇత్తడి చెంబు పట్టుకుని, కెమెరాని కాకుండా కూతుర్ని చూస్తున్న అమ్మ. అక్క ఏమీ మాట్లాడలేదు. ‘ఇదే’ అన్నట్టు వేలితో స్క్రీన్ని తాకింది.

ఆవిడ వెళ్లాక నాన్న నా వైపు చూశాడు. “ఇలాంటివి ఇందులో ఎన్ని ఉన్నాయో తెలుసా?”

చెయ్యి కాదు, నంబర్ చూడాలి

అప్పుడు నేను వర్క్ ఫ్రమ్ హోమ్ మీద ఇంటికొచ్చి ఉన్నాను. ఐటీ ఉద్యోగమే కానీ రోజంతా ల్యాప్‌టాపే. హార్డ్ డిస్క్‌ని చేత్తో పట్టుకున్న సందర్భాలు వేళ్ల మీద లెక్కపెట్టొచ్చు. కాబట్టి నేనూ అందరిలాగే మొదలుపెట్టాను, సెర్చ్ చేసి.

మొదట తెలిసింది, ప్రతి హార్డ్ డిస్క్‌లోనూ ఒక చిన్న థర్మామీటర్ ఉంటుందని. డిస్క్ తన ఆరోగ్యం గురించి తనే లెక్కలు రాసుకుంటుంది. ఆ ఏర్పాటు పేరు స్మార్ట్. ఎన్ని గంటలు తిరిగింది, ఎన్నిసార్లు ఆన్ అయింది, పాడైపోయి పక్కన పెట్టిన భాగాలెన్ని, ఇప్పుడు వేడెంత... అన్నీ అందులో ఉంటాయి. విండోస్‌లో క్రిస్టల్‌డిస్క్‌ఇన్ఫో లాంటి ఫ్రీ సాఫ్ట్‌వేర్ వేసుకుంటే చాలు, అన్నీ ఒకే పేజీలో కనిపిస్తాయి. 194 నంబర్ వరసలో ఉండేది టెంపరేచర్.

మా డిస్క్ టెంపరేచర్ 58 డిగ్రీలు. గదిలో 40. డెస్క్‌టాప్ డిస్కులు చాలావాటికి కంపెనీలు పెట్టే గరిష్ట హద్దు 60. అంటే మా ఊరి పెళ్లిళ్లన్నీ గట్టు అంచున నిలబడి ఉన్నాయి.

విచిత్రం ఏంటంటే, పక్కనే నీలం రంగులో ‘గుడ్’ అని రాసి ఉంది. ఆరోగ్యం బాగుందట. ఆ నీలం రంగు గుర్తు పెట్టుకోండి, మళ్లీ వస్తుంది.

లోపల ఏం జరుగుతుంది?

ఫోన్లు వాడే మనకి స్టోరేజ్ అంటే కదలని చిప్. పాత హార్డ్ డిస్క్ అలా కాదు. లోపల అద్దంలా మెరిసే పళ్లేలు ఉంటాయి. మా డిస్క్‌లో అవి నిమిషానికి 7200 సార్లు తిరుగుతాయి. అంటే సెకనుకి 120 చుట్లు. వాటి మీద డేటా చదివే ముల్లు పళ్లేన్ని తాకదు. పళ్లెం తిరిగే వేగానికి పుట్టే గాలి మీద తేలుతూ, కొన్ని నానోమీటర్ల ఎత్తులో పోతుంది. మన తల వెంట్రుక మందం దాదాపు 80 వేల నానోమీటర్లు ఉంటుందంటే ఊహించుకోండి.

ఆ పళ్లేల్ని తిప్పే మోటారు, కింద అంటించిన సర్క్యూట్ బోర్డు కలిసి పని చేసేటప్పుడు ఏడెనిమిది వాట్లు తీసుకుంటాయి. మన ఇంట్లో చిన్న ఎల్ఈడీ బల్బంత. ఇంతేనా అనిపిస్తుంది. కానీ ఆ వేడి బయటికి పోయే దారి ఒక్కటే. డిస్క్ ఒళ్లంతా ఉన్న లోహం లోంచి చుట్టూ ఉన్న గాలిలోకి. గాలి కదలకపోతే వేడీ కదలదు. వేడి అన్నం పళ్లెంలో పరిస్తే ఐదు నిమిషాల్లో ఆరుతుంది. గిన్నెలో మూత పెడితే గంటల తరబడి అలాగే ఉంటుంది. డిస్క్‌ది కూడా అన్నం లెక్కే.

మేం దానికి మూత మీద మూత పెట్టాం.

మా ఇంట్లో చేసిన తప్పులు

ఒకటి, కంప్యూటర్ టేబుల్. సీపీయూ పెట్టుకోవడానికి కింద ఒక అర ఉంటుంది చూడండి, మూడు వైపులా చెక్క, వెనక గోడ. సీపీయూ వదిలిన వేడి గాలి గోడకి తగిలి, తిరిగి అందులోకే వస్తోంది.

రెండు, దుమ్ము పడకుండా అమ్మ కుట్టించిన వెల్వెట్ గుడ్డ. అంచులకి లేసు కూడా ఉంది.

మూడు, ముందు ఫ్యాన్. క్యాబినెట్ ముందు భాగంలో ఉన్న ఫ్యాన్ ఎప్పుడో చప్పుడు చేస్తోందని రిపేర్‌కి వచ్చినాయన దాని వైరు పీకేశాడు. చప్పుడు పోయింది, అందరం సంతోషించాం. డిస్కుల మీదికి గాలి తోలేది సరిగ్గా ఆ ఫ్యానే.

నాలుగు, లోపల రెండు డిస్కులు. విండోస్ ఉన్నదొకటి, పెళ్లిళ్లున్నదొకటి. ఒకదాని మీద ఒకటి, మధ్యలో వేలు కూడా పట్టనంత దగ్గరగా బిగించి ఉన్నాయి. కింది దాని వేడి పైదానికి.

ఐదు, పక్క డోరు. గాలాడుతుందని నాన్న ఎండాకాలం మొత్తం దాన్ని తీసేసి ఉంచేవాడు. ఫ్యాన్లు తిరగనప్పుడు డోరు తీస్తే కొంత నయమే. కానీ ముందు ఫ్యాన్ బాగుంటే మాత్రం డోరు వేసి ఉంచడమే మేలు. అప్పుడే గాలి ముందు నుంచి వచ్చి, డిస్కులని తాకుతూ వెనక్కి పోతుంది. డోరు తీస్తే గాలి అడ్డదారి చూసుకుంటుంది, పైగా దుమ్ము.

ఆరోది నాన్న గర్వంగా చెప్పుకున్నది. “నాకు లేకపోయినా దానికి తిప్పుతాను” అంటూ ఎయిర్ కూలర్‌ని సీపీయూ వైపు తిప్పి పెట్టేవాడు. మనిషికి చల్లగా ఉంటే మెషీన్‌కీ ఉంటుందని లెక్క. కానీ కూలర్ ఇచ్చేది తడి గాలి. మామూలు హార్డ్ డిస్కులు గాలి చొరబడని పెట్టెలు కావు. పైన ఒక సూది బెజ్జం ఉంటుంది, దాన్ని మూయొద్దని డిస్క్ మీదే రాసి ఉంటుంది. లోపలికి దుమ్ము పోకుండా ఫిల్టర్ ఉంటుంది. బయట ఉన్న సర్క్యూట్ బోర్డుకీ కనెక్టర్లకీ మాత్రం ఆ రక్షణ లేదు. మైక్రోసాఫ్ట్ డేటా సెంటర్లలోని డిస్కుల మీద 2016లో వచ్చిన ఒక పరిశోధనలో, డిస్కులు పాడవడానికి వేడి కంటే గాలిలో తేమే పెద్ద కారణంగా కనిపించింది. ఈ మాట చెబితే నాన్న కూలర్ వంక ద్రోహిని చూసినట్టు చూశాడు.

ఆదివారం ఆపరేషన్

ఆదివారం పొద్దున్నే, ఎండ ముదరకముందే మొదలుపెట్టాం. ప్లగ్ పీకేశాం. డిస్క్ తిరుగుతుండగా సీపీయూని కదిలించకూడదు. నానోమీటర్ల ఎత్తులో తేలే ముల్లుకి మన చిన్న కుదుపే భూకంపం.

వెడల్పాటి పెయింట్ బ్రష్‌తో దుమ్ము దులిపాం. ముందు జాలీకి పట్టిన దుమ్ము చాప ముక్కలా ఊడొచ్చింది. నోటితో ఊదొద్దు, తుంపర్లు పడతాయి. బ్లోయర్ వాడేవాళ్లు ఫ్యాన్ రెక్కల్ని వేలితో ఆపి ఊదండి, విచ్చలవిడిగా తిరిగితే పాడవుతాయి.

రెండు డిస్కుల మధ్య ఒక స్లాట్ ఖాళీ వదిలాం. అటు రెండు, ఇటు రెండు స్క్రూలు గట్టిగా బిగించాం. ముందెవరో ఒక్కదానితో సరిపెట్టారు. స్క్రూలు సరిగ్గా ఉంటే డిస్క్ వణకదు, దాని వేడి కొంత క్యాబినెట్ రేకులోకి పోతుంది. అడ్డంగా వేలాడుతున్న వైర్లని వెనక్కి లాగి కట్టేశాం.

మాచర్లలో కొన్న 120 ఎమ్ఎమ్ ఫ్యాన్‌ని ముందు బిగించాను. ఆన్ చేశాక ధీమాగా అగరొత్తి వెలిగించి దాని ముందు పెట్టాను. పొగ లోపలికి పోవాల్సింది పోయి నా మొహం మీదికొచ్చింది. ఫ్యాన్ తిరగేసి బిగించాను! మీరు చేసేటప్పుడు చూసుకోండి, ఫ్యాన్‌కి స్టిక్కర్, దాన్ని పట్టుకునే అడ్డకమ్మీలు ఉన్న వైపు నుంచి గాలి బయటికొస్తుంది. ముందు ఫ్యాన్‌కి ఆ వైపు క్యాబినెట్ లోపలికి ఉండాలి. విప్పి మళ్లీ బిగించాక పొగ బుద్ధిగా లోపలికి పోయి, వెనక నుంచి సన్నగా బయటికొచ్చింది. నాన్న చప్పట్లు కొట్టాడు.

ఆఖరికి సీపీయూని అరలోంచి బయటికి తీసి, స్టూడియోలో ఫొటోలకి వాడే పీట మీద పెట్టాం, గోడకి జానెడు దూరంలో. వెల్వెట్ గుడ్డ పాత ట్రైపాడ్‌కి వెళ్లింది.

మర్నాడు మధ్యాహ్నం రెండింటికి, గదిలో అదే 40 ఉండగా, డిస్క్ 46.

ఏసీ లేదు, కూలర్ లేదు. నాలుగొందల లోపు ఫ్యాను, ఒక పూట పని. పన్నెండు డిగ్రీలు దిగింది. ఫ్యాన్ ఎంత పెద్దదైనా గది కంటే చల్లగా చెయ్యలేదు కానీ, గదికి దగ్గరగా తేగలదు. గాలి తుఫానులా రావక్కర్లేదు, డిస్క్‌ని అంటిపెట్టుకున్న వేడి పొర కదిలితే చాలు.

నాన్న క్యాలెండర్‌లో ఆ తేదీ గడిలో 46 అని రాశాడు. నేను హైదరాబాద్ వెళ్లిపోయాక రోజూ ఫోన్. “అమ్మడూ, ఇవాళ 45.” “ఇవాళ వాన పడింది, 39!” తిన్నావా అనే మాట కంటే ముందు అదే. నాకూ గర్వంగా ఉండేది.

చదివి కూడా చెయ్యని పని

ఆ ఉత్సాహంలోనే జూన్‌లో ఒక పరిశోధన చదివాను. 2007లో ముగ్గురు గూగుల్ ఇంజనీర్లు రాసింది. తమ కంపెనీలో వాడే లక్షకి పైగా డిస్కుల లెక్కలు తీసి చూశారు. వేడెక్కిన కొద్దీ డిస్కులు చస్తాయని అందరూ నమ్మే రోజులవి. వాళ్లకి ఆ సంబంధం అంత గట్టిగా కనిపించలేదు. మరీ చల్లగా ఉన్న డిస్కులే ఎక్కువ పోయాయి. బాగా వేడెక్కినప్పుడు, అదీ మూడేళ్లు దాటిన వాటిలోనే వేడి దెబ్బ తెలిసింది.

అలాగని 58 దగ్గర ఉంచొచ్చని కాదు. అక్కడి డిస్కులు ఎక్కువగా 50 లోపే ఉన్నవి. మా స్టూడియో పరిస్థితి వేరు. కాబట్టి మేం చేసిన పని దండగ కాదు.

కానీ అదే పేపర్‌లో ఇంకో సంగతి ఉంది. పోయిన డిస్కుల్లో 36 శాతానికి పైగా, టెంపరేచర్ సంగతి పక్కన పెడితే, స్మార్ట్ లెక్కల్లో ఏ తేడా చూపించకుండానే పోయాయి. మూడింట ఒకటి కంటే ఎక్కువ అన్నమాట. నీలం రంగు ‘గుడ్’ అలాగే ఉండగా.

ఇది చదివి నేనేం చేశాను? ‘భలే ఉందే’ అనుకుని ఫ్రెండ్స్ గ్రూప్‌లో పెట్టాను. అంతే.

చెయ్యాల్సిన పని నాకు తెలుసు. ఇంకో డిస్క్ కొని, ఉన్నదంతా కాపీ చెయ్యాలి. మే నెలలో 58 చూసిన రోజు అదే అనుకున్నాను కూడా. వచ్చే నెల జీతం రాగానే అనుకున్నాను. ఈలోగా నంబర్ 46కి దిగింది. దాంతో నా భయమూ దిగింది. జూన్ పోయింది, జూలైలో బండి ఇన్సూరెన్స్ వచ్చింది, ఆగస్టులో ఫ్రెండ్ పెళ్లి. దసరాకి ఇంటికెళ్లినప్పుడు నాన్న కెమెరాలకీ, సీపీయూకీ బొట్టు పెట్టి కొబ్బరికాయ కొట్టాడు. ఫ్యాన్‌కి కూడా బొట్టు పెట్టాడు. టెంపరేచర్ 36. ఇంకేం కావాలి?

డిసెంబర్

డిసెంబర్‌లో ఓ పొద్దున నాన్న ఫోన్ చేశాడు. నంబర్ చెప్పలేదు.

“అమ్మడూ, టిక్కుటిక్కుమంటోంది.”

ఫోన్ స్పీకర్‌లో పెట్టమన్నాను. గడియారం చప్పుడు కాదది. గోటితో రేకు మీద కొట్టినట్టు, ఆగి, మళ్లీ. ముల్లు తన చోటు దొరక్క మళ్లీ మళ్లీ వెతుక్కుంటుంటే వచ్చే శబ్దం. “వెంటనే ఆపెయ్ నాన్నా, మళ్లీ ఆన్ చెయ్యకు” అన్నాను. అప్పటికే మూడుసార్లు ఆన్ చేసి చూశాడట. ఎవరైనా అదే చేస్తారు.

ముందు రోజు రాత్రి ఆ డిస్క్ 31 డిగ్రీలుంది. ‘గుడ్’.

వేసవుల్లో పడ్డ వేడి లోపల ఏదైనా చేసిందో, తొమ్మిదేళ్ల వయసు చేసిందో, తరచూ పోయే కరెంటు చేసిందో, చచ్చిన డిస్క్ చెప్పదు. మే నెలంతా బతికి, చలికాలంలో, నా ఫ్యాన్ కింద చల్లగా పోయింది.

మధ్యాహ్నానికి స్టూడియోలో సలహాలు మొదలయ్యాయి. ప్లాస్టిక్ కవర్లో చుట్టి డీప్ ఫ్రిజ్‌లో రాత్రంతా పెడితే ఒక్కసారి పని చేస్తుందని ఎవరో చెప్పారు. నాన్న కవర్ కూడా తెచ్చాడు. నేను ఫోన్లో అరిచినంత పని చేశాను. ఫ్రిజ్‌లోంచి తీసిన స్టీలు గ్లాసు బయట చెమ్మ పట్టడం చూస్తుంటాం కదా, ఆ చెమ్మే డిస్క్ బోర్డు మీద, పళ్లేల మీద పడితే మిగిలిన ఆశ కూడా పోతుంది. చల్లబరచడం మంచిదే కదాని ఎంతైనా చల్లబరచకూడదు.

బస్సు కండక్టర్ చేత పంపకుండా నాన్నే ఒళ్లో పెట్టుకుని హైదరాబాద్ తెచ్చాడు. స్పాంజిలో చుట్టి, మీద టవల్. డేటా రికవరీ చేసేవాళ్ల దగ్గరికి వెళ్లాం. వారం తర్వాత వాళ్లు ఫొటో చూపించారు. అద్దం లాంటి పళ్లెం మీద గుండ్రంగా గీత. ముల్లు తగిలి గీసుకుపోయింది. రాదన్నారు. నాన్న ఆ ఫొటోని చాలాసేపు చూశాడు. వేల ఫొటోలు తీసినాయన. “ఫోకస్ బాగా కుదిరింది” అన్నాడు.

తిరుగు బస్సు ఎక్కేటప్పుడు మాత్రం అడిగాడు. “మనం బాగానే చల్లబరిచాం కదమ్మా?”

నా దగ్గర జవాబుంది. కానీ చెప్పలేకపోయాను. బాగానే చల్లబరిచాం నాన్నా. కాపీ చెయ్యలేదు. ఆ పని నాది.

అక్క మళ్లీ వచ్చింది

సంక్రాంతి తర్వాత టైలరింగ్ అక్క వచ్చింది. నేను అక్కడే ఉన్నాను. ఈసారి ఫొటో కాదు, వీడియో కావాలంది. అప్పగింతలప్పుడు వాళ్లమ్మ అల్లుడి చెయ్యి పట్టుకుని ఏదో చెప్పిందట. ఏం చెప్పిందో ఆయనకీ గుర్తులేదు, అక్కకీ గుర్తులేదు. “అమ్మ గొంతు ఒకసారి వినాలనిపిస్తోంది అన్నయ్యా.”

డీవీడీ ఏమైందని నాన్న అడిగాడు. ప్లేయర్ పాడయ్యాక ఎలాగూ చూడటం లేదని, పిట్టలు వాలకుండా జొన్న చేలో కట్టారట. ఎండకి తళతళలాడుతుందని.

నాన్న కుర్చీలోంచి లేచి నిలబడి చెప్పాడు, పోయిందమ్మా అని. ఎలా పోయిందో కూడా చెప్పాడు. నా పేరు ఎత్తలేదు. ఆమె కాసేపు గోడ మీది పెళ్లి ఫొటోలని చూసింది. “పోన్లే అన్నయ్యా. ఫొటో అయినా ముందే తీసుకున్నాను” అని వెళ్లిపోయింది. మెట్లు దిగుతూ కొంగుతో మొహం తుడుచుకోవడం కనిపించింది.

ఇప్పుడు

జనవరిలోనే కొత్త డిస్కులు రెండు కొన్నాను. ఈఎమ్ఐలో. ఆల్బమ్ ప్రింటింగ్‌కి పంపిన ఫైళ్లు, పాత పెన్‌డ్రైవ్‌లు, కస్టమర్ల ఇళ్లలో మిగిలిన డీవీడీలు వెతికితే కొన్ని పెళ్లిళ్లు వెనక్కొచ్చాయి. అన్నీ కాదు.

ఫొటోగ్రాఫర్లు చెప్పుకునే సూత్రం ఒకటుంది, 3-2-1. ఏ ఫైల్ అయినా మూడు కాపీలు. కనీసం రెండు రకాల వాటిలో. ఒకటైనా వేరే ఊళ్లో, లేదా వేరే ఇంట్లో. మా ఇంట్లో దాన్ని ఇలా చేసుకున్నాం. పని చేసే కాపీ సీపీయూలో. రెండోది బీరువాలో ఉండే డిస్క్‌లో, దాన్ని శనివారం బయటికి తీసి కాపీ చేసి, నాలుగు ఫైళ్లు తెరిచి చూసి, మళ్లీ లోపల పెడతాం. తెరిచి చూడని కాపీ ఉన్నట్టు కాదు. మూడోది క్లౌడ్‌లో. వీడియోలన్నీ అక్కడ పెట్టే స్తోమత లేదు కాబట్టి ప్రతి పెళ్లి నుంచి ఎంచిన ఫొటోలు, పదిహేను నిమిషాల వీడియో. నాన్న ఎంచే ఆ పదిహేను నిమిషాల్లో తలంబ్రాలు ఉన్నా లేకపోయినా అప్పగింతలు మాత్రం ఉంటాయి. సౌండ్‌తో సహా.

ఇంకో పని కూడా మొదలుపెట్టాడు. పాత కస్టమర్లకి ఫోన్ చేసి, పెన్‌డ్రైవ్ తెచ్చుకోండి, మీ పెళ్లి మీరు తీసుకెళ్లండి అంటున్నాడు. డబ్బులు తీసుకోడు.

ఫ్యాన్ అలాగే ఉంది. దులుపుతూనే ఉన్నాం. మీ ఇంట్లోనూ పాత డెస్క్‌టాప్ ఉంటే ఈ ఎండాకాలం దాన్ని అరలోంచి బయటికి తియ్యండి, గుడ్డ తీసెయ్యండి, ముందు ఫ్యాన్ తిరుగుతోందో లేదో చూడండి. 45 లోపు ఉంటే సంతోషం, 50 దాటితే ఆ ఆదివారమే పని పెట్టుకోండి. అయితే నంబర్ దిగింది కదాని నాలాగా కూర్చోకండి. ఫ్యాన్ బిగించే ముందే కాపీ మొదలుపెట్టండి. వరస అదీ. మీ ఫోన్లో ఉన్న అమ్మమ్మ వాయిస్ మెసేజ్‌కి కూడా ఇదే వరస.

మొన్న శనివారం నాన్న ఫోన్ చేశాడు.

“అమ్మడూ, ఇవాళ 44.”

“కాపీ?”

“అవుతోంది. ఇంకా పదకొండు నిమిషాలంట. అయ్యాక తెరిచి చూసి పెట్టేస్తాలే.”

“సరే, ఉంటాను, లైన్లోనే.”

అయ్యేదాకా ఇద్దరం ఊరి కబుర్లు చెప్పుకున్నాం.